హిమోగ్లోబిన్ చూడకుండా మూడు నెలల షుగర్ లెక్కా?

మూడు నెలల సగటు షుగర్‌ను అంచనా వేసే రక్తపరీక్ష హెచ్‌బీఏ1సీలో 6.5 శాతం, ఆపైన వస్తే షుగర్ వ్యాధి ఉన్నట్టే అన్న లెక్క ఇప్పుడు అందరి నోటా వినిపిస్తోంది. కానీ రక్తహీనత ఇంతగా ఉన్న మన దగ్గర ఆ ఒక్క అంకెను నమ్మి మాత్రలు మొదలుపెట్టడం, డోసు పెంచడం సరైన వైద్యం కాదు.

ఈ టెస్టు రక్తంలో చక్కెరను నేరుగా కొలవదు. ఎర్ర రక్తకణాల్లో ఉండే హిమోగ్లోబిన్‌కు ఎంత చక్కెర అంటుకుందో చెబుతుంది. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుందన్న నమ్మకం మీదే లెక్కంతా నడుస్తుంది. ఆ ఆయుష్షు అటూ ఇటూ అయితే అంకె కూడా తప్పుతుంది. ఐరన్ లోపం ఉంటే కొత్త కణాల తయారీ మందగిస్తుంది, రక్తంలో ఎక్కువ కాలంగా చక్కెర అంటుకుంటూ వచ్చిన ముసలి కణాల వాటా పెరుగుతుంది. షుగర్ పెరగకపోయినా రిపోర్టులో అంకె పెరిగి కనిపించవచ్చు. ఎర్ర రక్తకణాలు త్వరగా విరిగిపోయే సికిల్ సెల్ జబ్బు, జీ6పీడీ ఎంజైమ్ లోపం ఉన్నవారిలో, రక్తం ఎక్కించుకున్నవారిలో, డయాలసిస్‌లో కొత్త రక్తకణాల తయారీని పెంచే ఎరిత్రోపొయిటిన్ ఇంజెక్షన్లు తీసుకునేవారిలో దీనికి రివర్స్‌లో జరుగుతుంది. షుగర్ ఎక్కువే ఉన్నా అంకె తక్కువ చూపిస్తుంది. నా దృష్టిలో ఇదే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే పేషెంట్ నిశ్చింతగా ఇంటికి వెళ్లిపోతాడు.

రిపోర్టులో హెచ్‌బీఏ1సీ 6.7 అని, దాని కిందే సగటు గ్లూకోజు 146 అని ఉంటుంది. రెండు టెస్టులూ ఒకే మాట చెప్పాయనుకుంటాం. నిజానికి రెండోది టెస్టే కాదు. మొదటి అంకెను 28.7తో గుణించి 46.7 తీసేస్తే వచ్చే లెక్క అది. మొదటిది తప్పైతే రెండోదీ తప్పే.

పరగడుపున రానక్కర్లేదు, ఏ వేళైనా రక్తం ఇవ్వొచ్చు, కళ్లు, కిడ్నీలకు వచ్చే ముప్పును ముందే అంచనా వేస్తుందన్నది ఈ టెస్టును సమర్థించేవారి వాదన. నిజమే. కానీ 2011లో దీన్ని వ్యాధి నిర్ధారణకు ఆమోదించినప్పుడే ప్రపంచ ఆరోగ్య సంస్థ షరతు పెట్టింది: ఫలితాన్ని తప్పుదారి పట్టించే ఇతర సమస్యలు ఉండకూడదని. మనం టెస్టును తెచ్చుకున్నాం, షరతును మరిచిపోయాం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అసలు బాధ ఇక్కడే. హెల్త్ చెకప్ ప్యాకేజీలో అదే మహిళకు హిమోగ్లోబిన్ తక్కువగా 8.5 అని ఇంకో పేజీలో ఉంటుంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఆయాసం, నీరసం ఆడవాళ్లకు మామూలే అని ఇంట్లో అంటారు, ఆస్పత్రిలోనూ అదే ధోరణి. షుగర్‌కు జీవితాంతం మందు రాయడానికి ఉన్న తొందర ఐరన్ లోపం సరిచేయడానికి ఎందుకు లేదు?

అలాగని వాడుతున్న మాత్రలు సొంతంగా ఆపేయకూడదు. పరగడుపు షుగర్, 75 గ్రాముల గ్లూకోజు తాగిన రెండు గంటల తర్వాతి షుగర్ చూడమని డాక్టర్‌ను అడగండి. ఇక ల్యాబులు హెచ్‌బీఏ1సీ పక్కనే హిమోగ్లోబిన్ విలువను ముద్రించేలా రెండు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలు ఆదేశాలివ్వాలి. రక్తహీనత ఉన్నవారికి ఈ ఒక్క టెస్టుతో షుగర్ నిర్ధారించడం ప్రభుత్వ ఆస్పత్రుల్లో ముందుగా ఆగాలి.