సముద్రం లేకున్నా ఎండ ఉంది

వేసవిలో వరంగల్‌లో నల్లా ధార సన్నబడిందంటే చాలు, సముద్రపు నీటిని ఎండతోనే మంచినీరు చేసుకోవచ్చు కదా అన్న మాట వినిపిస్తుంది. అందులో అబద్ధం లేదు. చిలీ ఎడారిలోని లాస్ సాలినాస్‌లో 1872లోనే గాజు కప్పుల కింద ఉప్పునీటిని ఆవిరి పట్టి, రోజుకు 20 వేల లీటర్లకు పైగా తాగునీరు తీశారు. కానీ వరంగల్‌కు సముద్రం సుమారు 250 కిలోమీటర్లు. పైగా అంతే మీటర్ల ఎత్తుకు తోడిపోయాలి.

సముద్రం పక్కనే ఉన్నా లెక్క కుదరదు. నల్లరంగు తొట్టి, దానిపై ఏటవాలు గాజుపలక, పలక లోపల పట్టిన చుక్కలు జారి పడే సన్నని కాలువ: ఈ సాదా ఏర్పాటుతో చదరపు మీటరుకు మంచి ఎండలో రోజుకు నాలుగు లీటర్లు దిగితే గొప్ప. ముసురు రోజుల్లో అదీ లేదు. పట్టణాల్లో రోజుకు తలకు 135 లీటర్ల చొప్పున లక్ష మందికి ఇవ్వాలంటే 800 ఎకరాలకు పైగా గాజు పరవాలి. ఆవిరి వేడిని మళ్లీ మళ్లీ వాడుకునే మెరుగైన పద్ధతులున్నా, నగరానికి దిక్కు గోదావరే.

ఎండకు అసలు పని ఫ్లోరైడ్ బోర్ల దగ్గర ఉంది. నీళ్లు కాచి తాగితే ఫ్లోరైడ్ పోతుందని ఇంకా నమ్మేవారున్నారు. పోదు సరికదా, నీరు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది. అదే ఆవిరిని పట్టి చల్లార్చితే ఫ్లోరైడ్ అడుగునే ఉండిపోతుంది. ఆర్వో ప్లాంట్లూ దాన్ని తీసేస్తాయి, నిజమే. అయితే ఇటు క్యాను నిండుతుండగానే అటు పైపులోంచి వ్యర్థజలం మురుగు కాలువలోకి, అక్కడినుంచి మళ్లీ అదే నేలలోకి పోతోంది. తీసిన విషాన్ని తిరిగి బోరుకే అప్పగించడాన్ని శుద్ధి అనడానికి మాకు నోరు రావడం లేదు.

మిషన్ భగీరథ నల్లా నీరు నిలకడగా అందని ఫ్లోరైడ్ తండాల బడుల్లో ఈ ఎండ శుద్ధిని మొదలుపెట్టాలి. వందమంది పిల్లలకు తలకు రెండు లీటర్లంటే మంచి ఎండ రోజుల్లో 50 చదరపు మీటర్ల డాబా చాలు. ఆర్వో వ్యర్థజలాన్నీ ఇలాగే ఆవిరి చేయవచ్చు. నమూనా తయారీకి, కొలతలకు వరంగల్ ఎన్ఐటీ ఉండనే ఉంది. అయితే గాజుపై దుమ్ము రోజూ తుడవాలి, అడుగున పేరుకున్న ఉప్పు తీయాలి. కోతుల సంగతి సరేసరి. ఆ పని ఎవరిదో, పగిలిన పలకకు డబ్బు ఏ పద్దు నుంచి వస్తుందో మంజూరు ఉత్తర్వులోనే రాయాలి.