పాలకులకూ మనోభావాలుంటాయి

అమెరికాలో పత్రికా స్వేచ్ఛ గురించి ఎవరు రాసినా జైలుకెళ్లిన ఎడిటర్ల గురించే రాస్తారు. వాళ్లను జైలుకు పంపాల్సి వచ్చిన పెద్దమనుషులు ఎంత క్షోభ పడి ఉంటారో ఒక్కరూ అడగరు. మూడు వందల ఏళ్ల పైబడిన ఈ అన్యాయాన్ని ఎవరో ఒకరు సరిదిద్దాలి కాబట్టి ఆ పనేదో నేనే చేస్తున్నాను.

మొదటి బాధితులు మసాచుసెట్స్ గవర్నరూ, ఆయన కౌన్సిలూ. 1690 సెప్టెంబరు 25న బోస్టన్‌లో బెంజమిన్ హారిస్ అనే ఆయన ‘పబ్లిక్ అకరెన్సెస్’ అని ఓ పత్రిక తెచ్చాడు. మూడు పేజీలు అచ్చేసి నాలుగోది ఖాళీగా వదిలేశాడు. చదివినవాళ్లు తమకు తెలిసిన కబుర్లు అందులో రాసి పక్కవాళ్లకు ఇవ్వాలట. అంటే ఊళ్లో ప్రతివాడూ విలేకరే! పైగా ఫ్రాన్సు రాజుగారికి సొంత కోడలితోనే ఏదో ఉందన్న పుకారు కూడా వేశాడు. లైసెన్సు మాత్రం తీసుకోలేదు. నాలుగు రోజుల్లో పత్రికను మూయించారు, రెండో సంచిక రానేలేదు. 1704లో అక్కడి పోస్ట్‌మాస్టర్ ఇంకో పత్రిక పెట్టి, పైన ‘అధికారుల అనుమతితో’ అని అచ్చేసుకున్నాడు. పద్ధతంటే అదీ.

న్యూయార్క్ గవర్నర్ విలియం కాస్బీ కష్టం ఇంకా పెద్దది. జాన్ పీటర్ జెంగర్ పత్రిక ఆయన అవినీతి మీద వారం వారం వాయించింది. జెంగర్‌ను జైల్లో వేస్తే భార్య అన్నా పత్రిక నడిపించింది. అప్పటి చట్టం ప్రకారం రాసింది నిజమైనా నేరం నేరమే. న్యాయంగా చూస్తే అబద్ధం కంటే నిజమే ఎక్కువ నొప్పి పెడుతుంది కదా! కానీ 1735లో జ్యూరీ వాళ్లు చట్టాన్ని పక్కన పెట్టి, అతను రాసింది నిజమేనన్న చిన్న కారణానికి వదిలేశారు.

అసలు విషాదం మాత్రం అమెరికా రెండో ప్రెసిడెంట్ జాన్ ఆడమ్స్‌గారిది. పత్రికా స్వేచ్ఛను తగ్గించే చట్టమేదీ కాంగ్రెస్ చేయకూడదని 1791లో రాజ్యాంగంలో చేర్చారు. ఏడేళ్లు ఓపిక పట్టి, 1798లో చేశారు. ప్రభుత్వం మీద, కాంగ్రెస్ మీద, ప్రెసిడెంట్ మీద దురుద్దేశంతో అబద్ధాలు రాస్తే రెండేళ్ల దాకా జైలు, రెండు వేల డాలర్ల దాకా జరిమానా. ఈ రక్షణ జాబితాలో వైస్ ప్రెసిడెంట్ లేడు. ఆ కుర్చీలో ఉన్నది ఎదుటి పార్టీ థామస్ జెఫర్సన్ మరి. ఆయన్ని ఎవరైనా, ఏమైనా అనుకోవచ్చు! చట్టానికి గడువు కూడా పెట్టారు: 1801 మార్చి 3. సరిగ్గా ఆడమ్స్ పదవీకాలం ముగిసే వేళకి. ఇంత ముందుచూపున్న చట్టాలు అరుదు.

చట్టం వచ్చిన ఆ 1798 వేసవిలోనే ఆడమ్స్‌గారు న్యూజెర్సీలోని న్యూవార్క్ మీదుగా వెళ్తుంటే గౌరవంగా ఫిరంగులు పేల్చారు. అక్కడ తాగి ఉన్నవాడొకడు, ‘ప్రెసిడెంట్ వెనకభాగం మీదికి పేలుస్తున్నార్రా’ అన్నాడు. లూథర్ బాల్డ్విన్ అనే ఇంకో తాగుబోతు, గుండు అందులోంచి దూసుకుపోయినా తనకేం బాధ లేదన్నాడు. ఆడమ్స్‌గారు కాస్త భారీ మనిషి, సెనేట్‌లోనే ఆయనకు ‘గుండ్రటి ప్రభువు’ అని పేరు పెట్టారు. అలాంటి వ్యక్తి విషయంలో గురి గురించి మాట్లాడటం ఎంత ప్రమాదం! బాల్డ్విన్‌కు జరిమానా వేసి, కట్టేదాకా జైల్లో ఉంచారు. దేశం బతికి బట్టకట్టింది.

వెర్మాంట్ కాంగ్రెస్ సభ్యుడు మాథ్యూ లయన్ కేసులో మాత్రం ఈ జైలు వైద్యం పనిచేయలేదు. ఆడమ్స్‌కు ఆడంబరం పిచ్చి అని రాసినందుకు నాలుగు నెలల జైలు, వెయ్యి డాలర్ల జరిమానా పడ్డాయి. ఆయన జైల్లోంచే ఎన్నికల్లో గెలిచాడు. 1801లో ప్రెసిడెంట్‌ను తేల్చే ఓటింగ్ ప్రతినిధుల సభకు వస్తే, వెర్మాంట్ ఓటును జెఫర్సన్‌కు వేసిందీ ఆయనే.

జెఫర్సన్ సంగతి వేరు, ఆయన పత్రికల ప్రేమికుడు. పత్రికలు లేని ప్రభుత్వం కంటే ప్రభుత్వం లేని పత్రికలే నయమని 1787లో రాశాడు. ఆడమ్స్‌ను తిట్టే జేమ్స్ క్యాలెండర్‌కు డబ్బు సాయం కూడా చేశాడు. ఆ తిట్లకు క్యాలెండర్ జైలుకెళ్తే, అధికారంలోకి రాగానే క్షమాభిక్ష పెట్టాడు. కానీ అడిగిన పోస్ట్‌మాస్టర్ ఉద్యోగం ఇవ్వలేదు. 1802లో క్యాలెండర్ అదే కలంతో, జెఫర్సన్ తన బానిస శాలీ హెమింగ్స్‌తో పిల్లల్ని కన్నాడని రాసేశాడు. (ఒక్క పోస్ట్‌మాస్టర్ ఉద్యోగానికి ఎంత ఖర్చవుతుంది, చెప్పండి?) మరుసటి ఏడాదికల్లా జెఫర్సన్ పెన్సిల్వేనియా గవర్నరుకు ఉత్తరం రాస్తూ, కొందరి మీద కేసులు పెడితే పత్రికలు దారికొస్తాయన్నాడు. 1807 నాటికి పేపర్లో వచ్చేదేదీ నమ్మలేమని తేల్చేశాడు. కుర్చీ ఎక్కాక మనిషికి లోకజ్ఞానం పెరుగుతుంది.

మధ్యలో చాలామంది బాధపడ్డారు గానీ, పరోపకారం దృష్ట్యా ప్రెసిడెంట్ రిచర్డ్ నిక్సన్ దగ్గరికి వెళ్లాలి. 1971 జూన్ 13న న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో ఆయన కూతురి పెళ్లి ఫొటో వేసింది. అదే పేజీలో వియత్నాం యుద్ధం మీద ప్రభుత్వం దాచిపెట్టిన పెంటగాన్ పత్రాలూ వేసింది. వాటిలో బయటపడ్డ బొంకులన్నీ ఆయనకు ముందున్నవాళ్లవే, ముఖ్యంగా కెనెడీ, జాన్సన్‌లవి. ఎదుటి పార్టీవాళ్ల పరువు కోసం కోర్టుకెక్కిన నాయకుణ్ని మీరెక్కడైనా చూశారా? టైమ్స్‌ను ఆపితే వాషింగ్టన్ పోస్ట్ అందుకుంది. దాన్నీ ఆపబోతే బోస్టన్ గ్లోబ్ అందుకుంది. జూన్ 30న సుప్రీంకోర్టు 6–3 తేడాతో పత్రికల పక్షం తీసుకుంది.

ఇక కోర్టుల మీద నమ్మకం పోయి, లీకులు ఆపడానికి వైట్‌హౌస్‌లోనే ఓ బృందాన్ని పెట్టుకున్నారు. దానికి ‘ప్లంబర్లు’ అని పేరు. వాళ్లు ముందు ఆ పత్రాలు బయటపెట్టిన డేనియల్ ఎల్స్‌బర్గ్‌కు వైద్యం చేసిన మానసిక వైద్యుడి ఆఫీసు తాళాలు పగలగొట్టారు. అందులో ఆరితేరినవాళ్లే మరుసటి ఏడాది వాటర్‌గేట్ భవనంలో ఉన్న ఎదుటి పార్టీ ఆఫీసులోనూ దూరారు. తలుపు గడియ పడకుండా టేపు అంటించారు. వాచ్‌మన్ చూసి పీకేశాడు. మళ్లీ అంటించారు. అతను పోలీసులకు ఫోన్ చేశాడు. ఖర్చుకు చూసుకోకుండా నిజమైన ప్లంబర్‌ను ఒక్కణ్ణైనా పెట్టుకోవాల్సింది.