వాళ్ల కుక్కే కావచ్చు, వాళ్లిష్టం మాత్రం కాదు

తిరుపతిలో ఓ కాలనీ మిద్దె మీద కుక్కను నీళ్ల ట్యాంకు పక్కన కట్టేసి, ఇంటివాళ్లు పెళ్లికని ఊరెళ్లిపోయిన సంగతి ఈపాటికి అందరికీ తెలుసు. రోళ్లు పగిలే ఎండలో అది నాలుగు రోజులు అక్కడే ఉంది. ట్యాంకు నీడ పడే చోటికి వెళ్లాలన్నా గొలుసు అందదు. స్టీలు గిన్నెలో పెరుగన్నం ఎండి అట్టకట్టింది. పక్కింటివాళ్లు పిట్టగోడ మీద నుంచి పైపుతో నీళ్లు పట్టబట్టి ప్రాణం నిలిచింది. ఆసుపత్రికి తెచ్చాక చూస్తే, పిల్లగా ఉన్నప్పుడు వేసిన బెల్టు మెడ చర్మంలోకి దిగబడిపోయి ఉంది. దాన్ని కత్తిరించి తీస్తే కింద పుండు, పుండులో పురుగులు.

బెల్టు అలా దిగబడటం నాలుగు రోజుల్లో జరిగే పని కాదు. నెలల తరబడి ఆ మెడ మీద ఎవరూ చెయ్యి వేయలేదు. ఆ వీధిలో చాలామందికి ఈ సంగతి ముందే తెలుసు. రాత్రుళ్లు దాని ఏడుపు విన్నారు, నిద్ర పట్టక విసుక్కున్నారు. మరి ఎందుకు అడగలేదంటే అందరిదీ ఒకటే జవాబు: ‘వాళ్ల కుక్క, వాళ్లిష్టం. మనకెందుకు?’

మమ్మల్ని భయపెడుతున్నది ఆ మాటే. డబ్బు పెట్టి కొన్నాం కాబట్టి ఏమైనా చేయొచ్చన్న ధీమాకు వీధి వీధంతా తల ఊపుతోంది. చట్టం అలా అనలేదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం కురచ గొలుసుతో గంటల తరబడి కట్టేయడం నేరం. కట్టేసి ఉంచే కుక్కను తగినంత తిప్పకపోవడం నేరం. తిండి, నీళ్లు, నీడ ఇవ్వకపోవడం నేరం. ఇవన్నీ యజమానికీ వర్తించేవే. కానీ శిక్ష ఎంత? మొదటిసారైతే పది నుంచి యాభై రూపాయల జరిమానా. అరవై ఏళ్లు దాటినా ఆ యాభై మారలేదు. పైగా ఈ నేరాల్లో మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్‌లో ఐదేళ్ల దాకా జైలు ఉంది, అదీ జంతువును చంపితేనో, అవిటిదాన్ని చేస్తేనో. అంటే కుక్క చచ్చాక కదిలే చట్టం, అది చస్తుంటే చూస్తూ ఉంటుంది. యాభై రూపాయల జరిమానా కూడా ‘వాళ్లిష్టం’ అన్నట్టే లెక్క.

2025 ఆగస్టులో వీధికుక్కలపై సుప్రీంకోర్టు ఆదేశాలు వచ్చినప్పుడు ఇక్కడ ప్రతి టీ అంగడి దగ్గరా వాదనలే. కార్పొరేషన్ ఏం చేస్తోందని గట్టిగా అడిగారు, అడగాల్సిందే. కానీ ముచ్చట తీరాక ఊరి చివర కారు ఆపి దించేసిన పెంపుడు కుక్క మర్నాటి నుంచి వీధికుక్కే కదా! దాన్ని వదిలేసిన మనిషి పేరు ఆ వాదనల్లో ఎక్కడా వినపడదు. పెంపుడు జంతువులకు టీకా, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించాల్సిన బాధ్యత యజమానిదేనని 2023 జంతు జనన నియంత్రణ నిబంధనలు చెబుతున్నాయి. పశువైద్య విశ్వవిద్యాలయమే ఉన్న ఊరిది. ఎక్కడికి తీసుకెళ్లాలో తెలియలేదంటే ఎవరు నమ్ముతారు? టీకా పడని కుక్క పిల్లాణ్ణి కరిస్తే, రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మందు లేదు. అప్పుడు కూడా వాళ్లిష్టమేనా?

పోలీసులకు అంతకన్నా పెద్ద పనులున్నాయని, పొరుగువారితో తగవు ఎందుకని కొందరంటున్నారు. పోలీసులకు తీరిక లేదన్నది నిజమే. పక్కింటి నీళ్లు మన గోడలోకి దిగితే మాత్రం తగవుకు ఎవరం వెనకాడటం లేదు.

జరిమానా పెంచాల్సింది పార్లమెంటు. ఆ పని ఎప్పటికవుతుందో అని కార్పొరేషన్ కాచుకుని కూర్చోనక్కర్లేదు. పెంపుడు కుక్కల నమోదు, ఏటా టీకా కార్డు తనిఖీ పకడ్బందీగా జరగాలి. ఫిర్యాదు వస్తే పశువైద్యుడు ఆ ఇంటి మిద్దె ఎక్కి చూడాలి. ఈ కుక్కను మళ్లీ అదే ఇంటికి అప్పగించాలన్న మాట వినిపిస్తోంది. అప్పగిస్తే ఇక ఏ ఫిర్యాదుకూ విలువ ఉండదు. పైపు పట్టి దాన్ని బతికించిన పక్కింటివాళ్లు రేపు మరో గొడవకు అడ్డం పడతారా?

ఇక ఆ ఇంటివాళ్లకు ఒక మాట. ఊరెళ్లేముందు గ్యాస్ కట్టేశామా, తాళం పడిందా అని మూడుసార్లు చూసుకుని ఉంటారు. బంగారం లాకర్లో పెట్టి ఉంటారు. కుక్కను రెండు పూటలు చూసుకోమని ఒక్క మనిషికి చెప్పడం మాత్రం మరచిపోయామంటే మేం ఒప్పుకోం. చూసుకోలేనివాళ్లు ఇంకో కుక్కను ఇంటికి తేవద్దు.