మర్నాడు లేవలేకపోతేనే మంచి ట్రైనరా?

“పర్సనల్ ట్రైనర్‌ని పెట్టుకుంటున్నారా? ఈ ఐదూ చూసుకోండి” అనే మెసేజ్ మళ్లీ వచ్చింది. పంపేవాళ్లంతా నా మేలు కోరేవాళ్లే కాబట్టి ఇన్నాళ్లూ ఊరుకున్నాను. మొన్న కొత్తగా జిమ్‌లో చేరిన ఒకావిడ “రెండు రోజులుగా మెట్లు దిగలేకపోతున్నానండీ, అంటే మా ట్రైనర్ మంచివాడే కదా?” అని సంతోషంగా అడిగారు. ఇక ఊరుకోవడం తప్పనిపించింది.

“చెమటలు కక్కించేవాడే ట్రైనర్” అన్నది మొదటి పాయింటు. చెమట పట్టేది ఒళ్లు చల్లబడడానికి. అప్పటికప్పుడు తగ్గిన బరువు నీళ్లది, తాగగానే తిరిగొస్తుంది.

రెండోది, ఆడవాళ్లకు బరువులు ఇవ్వకూడదట, మగవాళ్లలా కండలొస్తాయట. ఆడవాళ్లలో కండలు పెంచే టెస్టోస్టిరాన్ హార్మోన్ చాలా తక్కువ. ఈ మాట నమ్మి ఎముకలకు బలమిచ్చే వ్యాయామాన్నే వదులుకుంటున్నారు.

పొట్ట తగ్గాలంటే క్రంచెస్ (వెల్లకిలా పడుకుని తల, భుజాలు పైకి లేపే వ్యాయామం) చేయించాలన్నది మూడోది. అవి కండరాన్ని గట్టిపరుస్తాయి, దాని మీది కొవ్వును కాదు.

నాకు ఒళ్లు మండేది నాలుగోదానికి: “మర్నాడు మంచం దిగలేకపోతేనే ట్రైనర్ పనిచేసినట్టు. నొప్పి అన్నా ఆపనివ్వనివాడిని వెతుక్కోండి.” కొత్త వ్యాయామం చేస్తే ఒకటి రెండు రోజుల తర్వాత కండరాలు పట్టేయడం మామూలే. అదే వ్యాయామం మళ్లీ చేస్తుంటే నొప్పి బాగా తగ్గిపోతుంది. మరి మొదటి వారం మంచివాడైన ట్రైనర్ నెల తిరిగేసరికి పనికిరానివాడయ్యాడా? ఇది రాసినవాళ్లు ఒక్క నిమిషమైనా ఆలోచించారా?

అలవాటు లేని ఒంటిని ఒక్కసారిగా అతిగా వాడితే కండర కణాలు పగిలి, వాటిలోని మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ రక్తంలో కలుస్తుంది. కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది. దీన్ని రాబ్డోమయోలిసిస్ అంటారు. భరించలేని నొప్పి, వాపు, నీరసం, మూత్రం డికాషన్ రంగులోకి మారడం దీని గుర్తులు. ఇవి కనిపిస్తే ఆసుపత్రికి పరుగెత్తాలి, ట్రైనర్‌ని మెచ్చుకుంటూ కూర్చోకూడదు. ఒకప్పుడు బాగా ఆడి, ఏళ్ల గ్యాప్ తర్వాత పాత బరువులతోనే మొదలుపెట్టేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఇక ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, కీలులో పొడిచినట్టు నొప్పి వస్తే వెంటనే ఆపాలి. ఆపనివ్వని మనిషి దగ్గర ప్రాణం ఎలా పెడతారు?

పని తెలిసిన ట్రైనర్ మొదటిరోజు బరువులు ముట్టుకోనివ్వకముందే బీపీ, షుగర్, పాత దెబ్బలు, వాడే మందులు అడుగుతాడు. గుంజీల్లాంటి స్క్వాట్‌లో కిందికి దిగుతుంటే పక్కన నిలబడి మడమలు లేస్తున్నాయా, మోకాళ్లు లోపలికి వాలుతున్నాయా, ఊపిరి బిగబడుతున్నామా అని చూస్తాడు. తేడా కనిపిస్తే బరువు తగ్గిస్తాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవాళ్లకు చెప్పింది వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, దాంతోపాటు రెండు రోజులైనా కండరాల వ్యాయామం. అది ఏడాది పొడవునా సాగాలంటే మర్నాడు లేవగలగాలి కదా!

ఐదో పాయింటు మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం: “కొన్ని నెలలయ్యాక కూడా ట్రైనర్ లేకుండా ఒక్క వ్యాయామమూ చేసుకోలేకపోతే అతను మీకేమీ నేర్పనట్టే.” ఇంత మంచి మాట అందరికీ చేరాల్సిందే. దయచేసి దాని ముందున్న నాలుగూ తీసేసి పంపండి.