తామర పట్టిందట!

మా మేనత్త ఇల్లు మహబూబ్‌నగర్‌లో. మిద్దె మీద పన్నెండు కుండీలు, అన్నింట్లోనూ ఉల్లే. కుండీలు మామవి, ఆర్డర్లు అత్తవి. మామ బస్సు కండక్టర్‌గా రిటైరై ఆరేళ్లయింది కానీ గొంతు ఇంకా డ్యూటీ దిగలేదు. మొన్న నేను పోయేసరికి మెట్ల మీద నిలబడి, దేవరకద్రలో ఉండే తమ్ముడికి ఫోన్ అవసరం లేకుండానే వినిపించేంత గట్టిగా మాట్లాడుతున్నాడు. అత్త వంటింట్లో జొన్నరొట్టె కొడుతోంది.

“తామర పట్టిందిరా. మొదలు ఒకదానికే ఉండె, ఇప్పుడు తొమ్మిదింటికి పాకింది. అంతా మడతల్లోనే. గీకి గీకి తెల్ల చారలు పడ్డయ్. ఆ, నల్లది కాదులే. 2021లో వచ్చిందే, అది నల్లది, పూతంతా రాల్చింది. ఇది లేత పసుపుది, మనకు పాతదే. ఎండకు ఎక్కువైతది, నాలుగు వానలు పడితే కొట్టుకపోతది.”

వంటింట్లో రొట్టె చప్పుడు ఆగిపోయింది. మామ కిందికి దిగేసరికి ఆయన టవల్, సబ్బు, చెంబు, దిండు వరుసగా అరుగు మీద ఉన్నాయి.

అత్త: అక్కడే ఆగు. గడప దాటకు.

మామ: ఏమైందే?

అత్త: నన్ను అడుగుతవా? ఎన్ని రోజుల నుంచి దాచిపెట్టినవ్?

మామ: ఓ, విన్నవా? దాచుడేముంది, చెబితే టెన్షన్ పడతవని ఊకున్న. దానికి నా టవల్ ఏం చేసింది?

అత్త: టవల్‌కు పాకదా?

మామ: టవల్‌కు ఎట్ల పాకుతది? అది గాలికి పాకుతది.

అత్త: (కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని) గాలికి కూడానా!

మామ: పక్కింటి టీచరమ్మ దగ్గరి నుంచే వచ్చిందని నా అనుమానం. ఆమెకూ ఉంది. నిన్న మిద్దె మీద ఇద్దరం పక్కపక్కన పెట్టి చూసుకున్నం.

అత్త: ఏందీ?

మామ: ఆమె కళ్లద్దాలు పెట్టుకుని, మడతలు విప్పి చూసి, ‘మీదే ఎక్కువుందన్నా’ అన్నది.

అత్త: పట్టపగలు!

మామ: రాత్రి ఏం కనపడతది? మిల్లీమీటరు కూడా సరిగ్గ ఉండయ్ అవి. తెల్లగుడ్డ మీద దులిపితేనే తెలిసింది. నీ దిండు గలీబు మంచిగ పనికొచ్చింది.

అత్త: నా దిండు మీద దులిపినవా!

మామ: కదులుతుంటే లెక్కపెట్టిన. నలభై రెండు.

అత్త: ఇన్నేండ్లు టికెట్లు లెక్కపెట్టినవ్, ఇగ ఇవి లెక్కపెట్టుకో. ఆ గలీబు మీద నేను మూడు రాత్రులు పండుకున్ననయ్యా!

మామ: దులిపే తొడిగిన కద. అవి మనుషులను ఏం చేయవు.

అత్త: నిన్ను చేస్తలేవా?

మామ: నన్నెందుకు చేస్తయ్?

అత్త: అంటే నువ్వు మనిషివి కాదు. నాకు పెండ్లైన కాన్నుంచి ఆ అనుమానం ఉండనే ఉంది.

నేను మధ్యలో ఒక్క మాట చెబితే అయిపోయేది. చెప్పలేదు. నా పళ్లెంలో రొట్టె వేడిగా ఉంది.

అత్త: లే, డాక్టర్‌కు చూపిద్దాం.

మామ: డాక్టరెందుకు? ఫొటో తీసి తమ్ముడికి పంపిన. వాడు వాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టిండు.

అత్త: (మంచం మీద కూలబడి) గ్రూపులోనా? ఎంతమంది?

మామ: రెండొందల మంది. దేవరకద్రలో బుధవారం బుధవారం వేలానికి వచ్చేటోళ్లంతా ఉన్నరు.

అత్త: వేలం కాడ అందరు చూసిన్రన్నమాట. మరి ధర ఏమన్న పలికిందా?

మామ: మందు చెప్పిన్రు. లీటరు నీళ్లకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు. సాయంత్రం పూట, సందులన్నీ తడవాలె. వారమైనంక ఇంకోసారి. నీలం రంగు జిగురు అట్టలు వేలాడదీయమన్నరు.

అత్త: దేనికి వేలాడదీస్తవ్? లుంగీకా?

మామ: కర్రకు! అదే పొలమైతే చుట్టూ రెండు సాళ్లు మక్క పెట్టాలె, గాలికి వచ్చేటివి అడ్డంబడి ఆగుతయ్.

అత్త: నీ చుట్టూ మక్క పెట్టాలెనా?

మామ: నా చుట్టూ ఎందుకే? ఉల్లి చుట్టూ!

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. నాకు రొట్టె పొలమారింది.

అత్త: ఉల్లిగడ్డలకా తామర?

మామ: మరి ఎవరికనుకున్నవ్?

అత్త: తామర పురుగు అని నిండుగ అనొద్దా? సగం టికెట్ చింపి ఇచ్చే అలవాటు ఇంకా పోలేదు నీకు! మరి ఆ నల్లదేంది?

మామ: అది మిర్చికి. ఖమ్మం, వరంగల్ దిక్కు తోటలకు తోటలే ఆగం చేసింది, యాదికి లేదా? (అప్పుడు గుర్తొచ్చింది) అంటే నాకు గజ్జి తామర అనుకుని... లుంగీలేవే?

అత్త: మరిగే నీళ్లలో ఉన్నయ్. మూడూ.

మామ: మూడూనా!

అత్త: ఒర్రకు. బిడ్డకు కూడా ఫోన్ చేసిన. హైదరాబాద్‌లో బస్సెక్కింది, మలాం పట్టుకుని వస్తున్నది. దసరాకు రమ్మంటే లీవ్ దొరకలేదన్నది. తామరకు దొరికింది.

మామ: (మెల్లగా) నాకోసమేనా?

అత్త: కాదు, టీచరమ్మ కోసం.

మామ: ఈ కుండీలన్నీ ఎవరికోసం పెట్టిన? రొట్టెలోకి పచ్చి ఉల్లిగడ్డ లేకుంటే ముద్ద దిగదని నువ్వు అన్నందుకే కద!

అత్త: ఉల్లిగడ్డ అడిగిన. దాంతోటి నలభై రెండు మందిని అడిగిననా?

పొద్దు గూకినాక ఇద్దరూ మిద్దె ఎక్కారు. మామ చేతిలో స్ప్రే డబ్బా, అత్త చేతిలో టార్చి. నేను దిగి వస్తుంటే అరుగు మీద టవల్, సబ్బు, చెంబు అట్లాగే ఉన్నాయి. దిండు మాత్రం ఎప్పుడో లోపలికి చేరింది, ఉతికిన గలీబుతో.

“ఆ మూలది వదిలిపెట్టినవ్. మడతలో కొట్టు, మడతలో. ఆకు మీద కొడితే వానికేమన్న తెలుస్తదా?”

“కొడుతున్ననే. మరి టవల్ లోపలికి తెచ్చుకోవాల్నా?”

“రెండు రోజులు ఆగు. పిల్ల అంత దూరం నుంచి వస్తున్నది, ఏదో ఒకటి ఉన్నట్టన్న కనపడొద్దా?”