పదికి పది వచ్చాయి, కథ మాత్రం అర్థం కాలేదు

మా అక్క కూతురు తొమ్మిదో తరగతి. మొన్న ఇంగ్లిష్ వర్క్‌షీట్ పూర్తి చేసి చూపించింది. ఒక పేరా, దాని కింద ఐదు ప్రశ్నలు, ఐదు ఖాళీలు. పదికి పది మార్కులు. పేరాలో ఒక ముసలాయన లైట్‌హౌస్‌లో కాపలా ఉంటాడు. ఓడలు ఆ దారిన రావడం మానేసి చాలా ఏళ్లయినా రోజూ రాత్రి దీపం వెలిగిస్తాడు. ఎందుకు వెలిగిస్తాడన్నది మూడో ప్రశ్న. ‘ది సీ హ్యాడ్ టేకెన్ హిజ్ బ్రదర్, అండ్ హి హ్యాడ్ ప్రామిస్డ్ హిజ్ మదర్ దట్ ది ల్యాంప్ వుడ్ నెవర్ గో అవుట్’ అని పేరాలో ఉంది. ముందు ఒక ‘బికాజ్’ తగిలించి ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు దించేసింది. మార్కు పడింది.

ఊరికే అడిగాను, "మరి ఆ బ్రదర్ ఇప్పుడెక్కడున్నాడు?" అని.

"సముద్రం తీసుకెళ్లింది కదా పిన్నీ. ఓడలో ఉద్యోగానికి వెళ్లాడేమో."

"వాళ్లమ్మకి మాటెందుకిచ్చాడు?"

"అది క్వశ్చన్‌లో లేదు పిన్నీ."

"సముద్రం పొట్టన పెట్టుకుంది అంటాం చూడు," అన్నాను. ఒక్క క్షణం ఆగింది. "అయ్యో, చనిపోయాడా!" అంది. పేరా మొదటికి వెళ్లి మళ్లీ చదివింది, ఈసారి నేను చెప్పకుండానే.

టేక్, టుక్, టేకెన్ అని ఆ పిల్ల నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ‘హ్యాడ్’ తర్వాత మూడో రూపం రావాలని తెలుసు, అదే షీట్‌లో ఆ ఖాళీలన్నీ సరిగ్గా నింపింది. ప్రశ్నకి జవాబు పేరాలో ఏ వరుసలో ఉందో వెంటనే పట్టేస్తుంది. మూడూ విడివిడిగా వచ్చు. మూడూ కలిసి పనిచేయాల్సిన ఒక్క వాక్యం దగ్గర మాత్రం కథ చేజారింది. హైస్కూల్లో ఇంగ్లిష్ ప్రాక్టీస్ చేయించే పద్ధతి మీద నా అభ్యంతరమంతా ఇక్కడే ఉంది. గ్రామర్‌కి ఒక పుస్తకం, పదాలకి ఒక లిస్టు, రీడింగ్‌కి ఎక్కడిదో ఒక పేరా ఇస్తున్నాం. ఈ మూడింటినీ ఒకే పేజీ మీద చేయించాలని, లేకపోతే పిల్లలు ఎన్ని షీట్లు నింపినా భాష దగ్గరికి రారని నా గట్టి నమ్మకం.

ముందు గ్రామర్ సంగతి. తెలుగు పిల్లలకి క్రియ చివర మార్చడం కొత్తేమీ కాదు. వస్తాను, వస్తావు, వస్తాడు, వస్తుంది, వస్తాం, వస్తారు. ఆరు రకాలుగా మార్చి మాట్లాడతారు, ఒక్కటీ తప్పు పోదు. ఇంగ్లిష్‌లో ఈ రూపాలకి మారేది ఒక్కటే, ‘హి’, ‘షి’, ‘ఇట్’ తర్వాత వచ్చే చిన్న ‘ఎస్’. అయినా పదో తరగతిలో కూడా ‘షి కమ్ డైలీ’ అని రాస్తారు. రూల్ తెలియక కాదు, అడిగితే చెబుతారు. తెలుగు రూపాలు వేలసార్లు విని, అని, నోటికి అలవాటయ్యాయి. ఇంగ్లిష్ ‘ఎస్’ వాళ్లకి ఎక్కువగా కనిపించింది ఖాళీల్లోనే.

ఖాళీలతో అసలు నేర్పలేని విషయాలూ ఉన్నాయి. ‘ఎ’, ‘ది’ తీసుకోండి. ‘పుస్తకం కొన్నాను. ఇంటికి వచ్చేసరికి పుస్తకం చిరిగిపోయింది.’ తెలుగులో రెండుచోట్లా ఒకే మాట. ఇంగ్లిష్‌లో మొదటిది ‘ఎ బుక్’, రెండోది ‘ది బుక్’, ఎందుకంటే రెండోసారి ఏ పుస్తకమో వినేవాడికి తెలుసు. ఇప్పుడు ‘ఐ సా డ్యాష్ డాగ్’ అని ఖాళీ ఇచ్చారనుకోండి. ‘ఎ’ పెట్టినా సరే, ‘ది’ పెట్టినా సరే. ఏది సరైందో తేల్చేది ముందు వాక్యం, అది షీట్‌లో ఉండదు. పిల్లవాడు ‘ఎ’ అని పెడతాడు, టిక్ పడుతుంది, ఆ టిక్ వల్ల వాడికి తెలిసిందేమీ లేదు. అదే లైట్‌హౌస్ పేరాలో మొదట ‘ఎ ల్యాంప్’ ఎక్కడ వచ్చింది, ‘ది ల్యాంప్’గా ఎక్కడ మారింది, ఎందుకు మారింది అని వెతకమంటే పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు వంద ఖాళీల పెట్టు.

‘హ్యాడ్’ కూడా అంతే. మన భాషలో దానికి దగ్గరి మాట ‘అప్పటికే’. అప్పటికే సముద్రం మింగేసింది, అప్పటికే తల్లికి మాటిచ్చాడు, ఇప్పుడు దీపం వెలిగిస్తున్నాడు. ‘హ్యాడ్’ని ఈ వరుస చూపించే గుర్తుగా చెబితే పిల్లలు కథలో ముందువెనకలు పేర్చుకోగలరు. ఫార్ములాగా చెబితే ఖాళీ నింపి ఊరుకుంటారు.

వాక్యనిర్మాణం దగ్గర ఇంకో చిక్కుంది, దీని గురించి ఎక్కువమంది మాట్లాడరు. ‘ది బాయ్ హూ హెల్ప్డ్ ది ఓల్డ్ మ్యాన్ లెఫ్ట్ ది ఐలాండ్.’ దీవి వదిలి వెళ్లిందెవరు? చాలామంది పిల్లలు ముసలాయనే అంటారు. ‘ఓల్డ్ మ్యాన్’ పక్కనే ‘లెఫ్ట్’ ఉంది మరి. తెలుగులో ఈ గొడవే లేదు. ‘ముసలాయనకి సాయం చేసిన అబ్బాయి దీవి వదిలి వెళ్లాడు.’ అబ్బాయి ఎలాంటివాడో చెప్పే ముక్క అబ్బాయికి ముందే వచ్చేస్తుంది. ఇంగ్లిష్‌లో అది వెనక వచ్చి కర్తకీ క్రియకీ మధ్యలో దూరుతుంది. పెద్ద వాక్యాలు చదవలేని పిల్లల్లో చాలామందికి అడ్డం పడుతున్నది కష్టమైన పదాలు కావు, ఇదే. దీనికి మందు, రెండు మూడు చిన్న వాక్యాలిచ్చి ఒక్కటిగా కలపమనడం, పెద్ద వాక్యమిచ్చి ముక్కలు చేయమనడం. స్టీవ్ గ్రాహం, డొలొరెస్ పెరిన్ 2007లో 4 నుంచి 12వ తరగతి దాకా పిల్లల రాత మీద జరిగిన పరిశోధనల్ని కలిపి చూశారు. వాక్యాలు కలిపే అభ్యాసం రాతని మెరుగుపరిచింది. గ్రామర్‌ని విడిగా బోధించడం వల్ల రాతకి లాభం కనిపించలేదు.

అలాగని రూల్స్ చెప్పడం మానేయమని నేను అనను. ఇంగ్లిష్ ఇంట్లో మాట్లాడని పిల్లలకి రూల్ విప్పి చెప్పాల్సిందే. జాన్ నారిస్, లూర్దెస్ ఓర్టెగా 2000లో రెండో భాష బోధన మీద 49 అధ్యయనాల్ని పోల్చి చూసినప్పుడు, రూల్‌ని స్పష్టంగా వివరించిన చోటే ఫలితం మెరుగ్గా ఉందని తేలింది. చెప్పాక దాన్ని ఎక్కడ వాడిస్తున్నామన్నదే నా బాధ.

ఇక పదాలు. వారానికి ఇరవై కఠిన పదాలు, పక్కన అర్థాలు, శనివారం టెస్టు. ఇది దాదాపు అందరం చూసిందే. ఈ లిస్టుల్లో వచ్చే మాటలు చాలావరకు ఆ పిల్లలు చదివే పేజీల్లో మళ్లీ కనిపించవు. కనిపించని మాట నిలవదు. మైకేల్ వెస్ట్ అనే ఆయన ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్లకి ముందుగా అవసరమైన సుమారు 2,000 మాటలతో 1953లో ఒక జాబితా ప్రచురించాడు. మామూలు ఇంగ్లిష్ పేజీలో పదికి ఎనిమిది మాటలు అలాంటి పదాలే ఉంటాయి. అవి పిల్లలకి ‘వచ్చు’ అని మనం వదిలేస్తాం. టేక్, గెట్, రన్, కీప్, సెట్ వీటికి ఒక్కో అర్థమే వాళ్లకి తెలుసు. ‘టేక్ ఆఫ్టర్’ అంటే పోలిక రావడమని, ‘రన్ అవుట్’ అంటే అయిపోవడమని తెలియదు. సముద్రం ‘టేక్’ చేస్తే మనిషి తిరిగి రాడని తెలియదు. కష్టమైన మాటని డిక్షనరీలో వెతుకుతారు. తేలిక మాట మోసం చేసినప్పుడు, మోసపోయామని కూడా తెలియదు.

మాటకి మాట జోడీ ఉంటుందన్నదీ ఇక్కడే చెప్పాలి. తెలుగులో అన్నం తింటాం, మందు వేసుకుంటాం, సిగరెట్ తాగుతాం. వాన కురుస్తుంది, పిడుగు పడుతుంది. పిడుగు కురిసిందంటే చిన్న పిల్లలు కూడా నవ్వుతారు. ఇంగ్లిష్‌కీ ఇలాంటి జోడీలున్నాయి. మందుని ‘టేక్’ చేస్తారు, పెద్ద వానని ‘హెవీ’ అంటారు, ‘బిగ్’ అనరు. ‘డిస్కస్ అబౌట్’ అన్న తప్పు మన ‘గురించి’ అన్న మాట నుంచి వచ్చిందే. జోడీ లిస్టులో దొరకదు, వాక్యంలోనే దొరుకుతుంది. అందుకే నోట్‌బుక్‌లో పదం, అర్థం అని రెండు గడులు గీసే అలవాటు పోయి, పదం దొరికిన వాక్యం మొత్తం రాసుకునే అలవాటు రావాలి.

చదివే పేజీ ఎంత కష్టంగా ఉండాలి అన్నదానికి ఒక లెక్క ఉంది. మార్సెల్లా హు, పాల్ నేషన్ 2000లో చేసిన అధ్యయనంలో కథలోని కొన్ని మాటల స్థానంలో అర్థం లేని మాటలు పెట్టి చదివించారు. నూటికి ఎనభై మాటలే తెలిసినప్పుడు తగినంతగా అర్థం చేసుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. ఎవరి సాయం లేకుండా హాయిగా చదవాలంటే నూటికి 98 మాటలు తెలిసి ఉండాలని వాళ్లు అంచనా వేశారు. అంటే 250 మాటల పేజీలో తెలియనివి ఐదు. ఇప్పుడు మన తొమ్మిదో తరగతి పిల్లల చేతికిచ్చే పేరాల్లో ఎన్ని పదాల కింద పెన్సిల్ గీతలుంటాయో చూడండి. పేజీకి పాతిక గీతలున్న పిల్లవాడు చదవడం లేదు, బరువు మోస్తున్నాడు. వాడికి రెండు తరగతుల కింది పుస్తకం ఇస్తే అవమానమని పెద్దవాళ్లు అనుకుంటారు. నేనైతే నిస్సంకోచంగా ఇస్తాను. క్లాసులో టీచర్ పక్కనుండి చదివించేది కష్టంగా ఉండొచ్చు, ఇంట్లో ఒంటరిగా చదివేది తేలిగ్గానే ఉండాలి.

తేలిక పుస్తకాలు ఎక్కువగా చదివితే ఏమవుతుందో ఫిజీలో చూశారు. ఇంగ్లిష్ రెండో భాషగా నేర్చుకునే పల్లె బడుల్లో, 4, 5 తరగతుల గదుల్లోకి ఒక్కో గదికి 250 దాకా బొమ్మల కథల పుస్తకాలు తెచ్చి పెట్టారు. వార్విక్ ఎల్లీ, ఫ్రాన్సిస్ మాంగూభాయ్ 1983లో దీని ఫలితాలు ప్రచురించారు. ఆ పిల్లలు చదవడంలో, విని అర్థం చేసుకోవడంలో మామూలుకంటే రెట్టింపు వేగంతో ముందుకెళ్లారు. రెండో ఏడాదికల్లా ఆ లాభం మిగతా భాషా నైపుణ్యాలకీ పాకింది. వాళ్లు హైస్కూల్ పిల్లలకంటే చిన్నవాళ్లే, ఒప్పుకుంటాను. కానీ కథ కోసం పేజీ తిప్పే ఆసక్తికి వయసుతో పనేముంది?

కాంప్రెహెన్షన్ అన్న మాట మీద కూడా నాకో అనుమానం ఉంది. ‘మెయిన్ ఐడియా పట్టుకో’, ‘స్కిమ్ చెయ్’ (పైపైన చదువు), ‘స్కాన్ చెయ్’ (కావాల్సిన ముక్క వెతుకు) అని కిటుకులు నేర్పుతాం, ఏ పేరాకైనా అవే పనిచేస్తాయన్నట్టు. డోనా రెక్ట్, లారెన్ లెస్లీ 1988లో అమెరికాలో 7, 8 తరగతుల పిల్లలు 64 మందికి ఒక బేస్‌బాల్ ఆట గురించిన పేరా ఇచ్చారు. రీడింగ్‌లో వెనకబడినా ఆట తెలిసిన పిల్లలు, బాగా చదవగలిగినా ఆట తెలియని పిల్లలకంటే ఎక్కువ గుర్తుపెట్టుకున్నారు. విషయం తెలిస్తే సగం అర్థమైనట్టే. వారానికో కొత్త విషయం మీద పేరా ఇచ్చి మర్నాడే వదిలేసే పద్ధతిలో ఈ లాభం రాదు. సముద్రం గురించి మూడు వారాలు చదివించండి, ఒక కథ, ఒక వార్త, ఒక సైన్స్ పాఠం. ‘టైడ్’, ‘షోర్’, ‘వ్రెక్’, ‘డ్రౌన్’ అన్నీ మళ్లీ మళ్లీ ఎదురొస్తాయి, లిస్టు లేకుండానే అలవాటైపోతాయి.

ఎదురొస్తే సరిపోదు, గుర్తు చేసుకోవడం కూడా కావాలి. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో కాలేజీ విద్యార్థులతో చేసిన ప్రయోగం టీచర్లందరికీ తెలియాల్సింది. ఒకే పాఠాన్ని కొందరు మళ్లీ చదివారు, కొందరు పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత రాసినవాళ్లు ముందున్నారు. కాబట్టి పేజీ మూసి ‘కథ చెప్పు’ అనడమే మంచి ప్రాక్టీస్. మొదట తెలుగులో చెప్పినా తప్పేం లేదు, అర్థమైందో లేదో అప్పుడే తేలిపోతుంది. తర్వాత ఇంగ్లిష్‌లో ఐదు వాక్యాలు. రెండు రోజులాగి ఇంకోసారి.

"పరీక్షలో వచ్చేది ఖాళీలే కదా, మేమేం చేయం?" అని టీచర్లు అడుగుతారు. న్యాయమైన మాటే. తరగతి నిండా పిల్లలుంటే అందరి జవాబులూ చదివి దిద్దడం ఒక్క మనిషి వల్ల కాదు, ఖాళీలైతే గంటలో దిద్దేయొచ్చు. నేను కోరేది షీట్లు చించేయమని కాదు. ఆ ఐదు ఖాళీలూ పిల్లలు అప్పుడే చదివిన పేరాలోని వాక్యాల నుంచే తీయండి. ఐదు ప్రశ్నల్లో ఒక్కటైనా పేరాలోంచి దించడానికి వీల్లేనిది ఉండనివ్వండి. దిద్దే భారం పెద్దగా పెరగదు, పిల్లలు పేరాని నిజంగా చదవక తప్పదు.

మా పిల్ల మర్నాడు అదే షీట్ పట్టుకుని మళ్లీ వచ్చింది. "పిన్నీ, చనిపోయింది అన్నా, తమ్ముడా? బ్రదర్ అంటే తెలియట్లేదు," అంది. నేనూ ఆలోచించలేదు ఆ సంగతి. "పేరాలో ఎక్కడైనా తెలుస్తుందేమో వెతుకు," అన్నాను. నేలమీద బోర్లా పడుకుని వేలు పెట్టి ఒక్కో వరుసా చదువుకుంటూ పోయింది. మెట్ల గురించిన వాక్యం దగ్గర వేలు ఆగింది. ‘హి హ్యాడ్ వన్స్ క్యారీడ్ హిమ్ అప్ దీజ్ స్టెప్స్ ఆన్ హిజ్ షోల్డర్స్.’

"భుజాల మీద ఎక్కించుకున్నాడంటే తమ్ముడే పిన్నీ," అంది. తర్వాత ‘హ్యాడ్’ కింద గీత గీసి, పక్కన పెన్సిల్‌తో ‘అప్పటికే’ అని రాసుకుంది.