సవరణ: దైవ కరుణ జపమాల, పాపసంకీర్తనం

విశాఖపట్నంలో రాస్ హిల్ మీది మేరీమాత గుడికి వెళ్లే స్త్రీల ప్రార్థన గురించి గత వారం రాస్తూ, మధ్యాహ్నం 3 గంటలకు దైవ కరుణ జపమాల చెప్పుకుంటే చాలు, ఘోరపాపాలు సైతం తొలగి ఆత్మ శుద్ధమవుతుందన్నాను. అది తప్పు, మన్నించండి.

ఆ జపమాల పోలండ్ కన్యాస్త్రీ పునీత ఫౌస్తీనా ద్వారా మనకు అందిన భక్తిప్రార్థనే గాని దివ్యసంస్కారం (జ్ఞానస్నానం వంటి, క్రీస్తు స్థాపించిన పవిత్ర కార్యం) కాదు. జ్ఞానస్నానం తరువాత చేసిన ఘోరపాపాలను, ఆత్మపరిశీలనలో గుర్తుకు వచ్చినంతవరకు, రకము, సంఖ్యలతో సహా గురువు (ఫాదర్) ఎదుట ఒప్పుకోవాలని, అంటే పాపసంకీర్తనం చేయాలని, 1983 నాటి శ్రీసభ (కతోలిక సంఘం) చట్టం చెబుతోంది. పాస్కా (ఈస్టర్) తరువాతి ఆదివారాన్ని రెండవ జాన్ పాల్ పోపుగారు 2000లో దైవ కరుణ ఆదివారంగా ప్రకటించారు. ఆ రోజుకు 2002లో అనుగ్రహించిన పరిపూర్ణ శిక్షావిమోచనానికి (క్షమించిన పాపాలకు మిగిలిన శిక్ష పూర్తిగా తొలగడానికి) కూడా పాపసంకీర్తనం, సత్ప్రసాద (పూజలో ఇచ్చే క్రీస్తు శరీరమైన అప్పం) స్వీకారం, పోపుగారి తలంపుల కోసం ప్రార్థన తప్పనిసరి.

ఇంతకంటే నన్ను ఎక్కువగా బాధపెట్టింది 'శుద్ధి' అన్న నా మాట. అది చదివి, బహిష్టు రోజుల్లో సత్ప్రసాదం తీసుకోవచ్చా అని ఇద్దరు అక్కలు అడిగారు. నిస్సంకోచంగా తీసుకోవచ్చు. మన ఇళ్లలో పాటించే మైలకూ, శ్రీసభ చెప్పే ఆత్మశుద్ధికీ సంబంధమే లేదు. నేడు శ్రీసభ ఆ కారణంతో ఏ స్త్రీని కూడా బలిపీఠానికి దూరంగా ఉండమనదు.